ఆగ్వా మాన్సా రకం

ఆగ్వా మాన్సా,
12 ఫిబ్రవరి 1995

కొమాద్రె ఇల్దా గారికి,

నా కూతురు మిర్తాకు బాప్తిజంలో మీరు జ్ఞానతల్లి అయిన నాటి నుంచి మనం ఒకరికొకరం కొమాద్రెలం. ఆ వరసతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ల్యాబులో ఇరవై మూడేళ్ళు పురుగులు మేపిన పెత్రోనాగా అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక్కడ వానలు మొహం చాటేశాయి. మేకలు ఆల్గరోబా కాయలు తిని బతుకుతున్నాయి, మేం మేకల మీద బతుకుతున్నాం. కోర్దొబాలో మీకు ఎండ ఎక్కువైందని రాశారు. ఒకసారి మా రేకుల కింద మధ్యాహ్నం పడుకుని చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

విషయానికొస్తాను. నవంబరులో బడిపిల్లలకు రక్తపరీక్ష చేశారు. మిర్తా కూతురు యానీనాకు జబ్బు ఉందని తేలింది. గోడల్లోని విన్చూకా పురుగు కుట్టి అంటించే జబ్బే. ఎనిమిదేళ్ళ పిల్ల. చూడ్డానికి ఏమీ లేదు, గొడ్డలి ఇస్తే కట్టెలు కొట్టేలా ఉంది. కానీ ఈ క్రిమి ఇరవై ఏళ్ళు గుండెలో దాక్కుని తర్వాత ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా?

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ పెరాల్తా మంచివాడే. మాత్రలు ఇమ్మని మిర్తా అడిగితే తల అడ్డంగా ఊపాడు. "చూడమ్మా, మీ లోయలో ఉన్నది మొండి రకం. ఈ మాత్రలకు అది చావదు. రెండు నెలలు మింగిస్తే పిల్లకు ఒళ్ళంతా దద్దుర్లు, తిండి సహించదు, ఫలితం సున్నా. ఇది నా సొంత కవిత్వం కాదు. కోర్దొబాలో పెద్ద డాక్టరమ్మ రాసింది. దాన్ని బట్టే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, ఈ లోయకు మాత్రలు పంపడం మానేసింది" అన్నాడు.

"ఆ పెద్ద డాక్టరమ్మ నాకు జ్ఞానతల్లి" అంది మిర్తా.

"మరింకేం, ఆవిడ చేతే రాయించుకురా. ఇస్తాను" అన్నాడు.

ఒక్క ముక్క రాయండి. అంతకన్నా ఏమీ అడగను.

మీ పెత్రోనా

*

కోర్దొబా,
3 మార్చి 1995

ప్రియమైన కొమాద్రె పెత్రోనాకు,

యానీనా సంగతి చదివి మనసు చివుక్కుమంది. దాని బాప్తిజానికి వచ్చినప్పుడు నా కళ్ళజోడు లాగి చేత్తో పట్టుకుని వదల్లేదు. ఆ పిల్ల నాకూ మనవరాలే.

అందుకే నీకు అబద్ధం రాయలేను. డాక్టర్ పెరాల్తా చెప్పింది నిజం. మీ లోయలో క్రిమి ఆ మందుకు లొంగదు. 1977లో మీ ఊళ్ళో తొమ్మిదేళ్ళ పిల్ల రుఫీనా నుంచి మనం తీసిన రకాన్ని రెండేళ్ళు పరీక్షించాను. ఎంత మోతాదు ఇచ్చినా అది ఆ మందుకు చావదని ఎలుకల్లో చూపించాను. ఆ పేపరును ఇప్పటికి నాలుగొందల పన్నెండు పరిశోధనలు ఉదహరించాయి. ఆ మందు మీద పనిచేసేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ముందు మన ఆగ్వా మాన్సా రకం తెప్పించుకుంటారు. అలాంటప్పుడు నా రాతకు ఎదురు నేనే ఎలా రాయను? పిల్లను ఏటా ఒకసారి నా దగ్గరికి పంపు. గుండె పరీక్ష నేను దగ్గరుండి చేయిస్తాను.

ఇంకో కబురు. సెప్టెంబరులో మా సంఘం నన్ను సత్కరిస్తోంది. ముప్పై ఏళ్ళ పని గురించి మాట్లాడమన్నారు. నీ గురించి చెప్పకుండా ఆ కథ పూర్తి కాదు. రుఫీనా వాపెక్కిన కంటితో గడప మీద కూర్చోవడం, నీ పురుగుల పెట్టె దాని చేతికి కట్టి అరగంట కుట్టించడం, నెల తర్వాత ఆ పురుగుల పేగుల్లో క్రిమి కదలడం, అన్నీ చెప్తాను. నీ కోళ్ళ గురించి కూడా చెప్తాను. కోళ్ళకు ఈ జబ్బు అంటదు గనక వాటి రక్తం మీద పెరిగిన పురుగు శుభ్రమైనదని, అందులో క్రిమి దొరికితే అది రోగి ఇచ్చిందేనని కుర్రాళ్ళకు ఇప్పుడు ఎవరూ నేర్పడం లేదు.

ఆ రోజుల గురించి నీకు గుర్తున్నదంతా రాసి పంపు. చిన్న విషయాలైనా సరే.

నీ ఇల్దా

*

ఆగ్వా మాన్సా,
20 మార్చి 1995

కొమాద్రె ఇల్దా గారికి,

గుర్తున్నదంతా రాయమన్నారు. రాస్తున్నాను. చదివాక మీరు నన్ను ఏమన్నా పడతాను.

1977లో మా ఊరి ప్రయాణానికి మూడు వారాల ముందు ల్యాబులో కోళ్ళకు తెగులు తగిలింది. నాలుగు రోజుల్లో పదకొండూ పోయాయి. మీకు చెప్పలేదు. ట్రక్కు కోసం మీరు రెండేళ్ళు ఎన్ని గదుల ముందు నిలబడ్డారో, చివరికి ఎంత ఏడ్చారో చూసినదాన్ని. అది మా ఊరు. మా వాళ్ళను చూడ్డానికి ఒక డాక్టరు రావడం అదే మొదటిసారి. కోళ్ళు చచ్చాయని చెబితే ప్రయాణం ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ ఎప్పటికి?

పురుగులు ఆకలితో ఉన్నాయి. రక్తం లేకపోతే పొర విడవవు, పెరగవు. ఎలుకల గదిలో దోన్ సెవేరోను అడిగాను. "ఇదిగో ఇవి మిగిలినవి, వాడుకో" అని ఒక బోను ఇచ్చాడు. ఆ ఎలుకల మీద మేపాను.

వాటిలో ఒకదాని చెవికి గంటు ఉంది, ఇల్దా గారూ. మన దగ్గర చెవికి గంటు పెట్టిన ఎలుక అంటే ల్యాబులో ఉంచుకున్న పాత రకం క్రిమిని ఎక్కించిన ఎలుక అని నాకు తెలియదా? నేనే ఎన్నింటికి గంట్లు పెట్టాను. కానీ ఎలుకలు కొట్టుకుని కొరుక్కుంటాయి కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం.

నెల తర్వాత పురుగుల్లో క్రిమి కనబడిందని మీరు నన్ను వాటేసుకున్నారు. నాకు ఆ గంటు చెవే గుర్తొచ్చింది. రుఫీనాకు జబ్బున్న మాట నిజమే, దాని కంటి వాపే చెబుతోంది. కనక అది రుఫీనా క్రిమే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మందుకు లొంగని రకమని రుఫీనాకు మాత్రలు ఇవ్వలేదు. తర్వాత మీ పేపరు వచ్చింది, ఉత్తర్వు వచ్చింది. ఈ లోయకు మాత్రలు ఆగిపోయాయి. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

రుఫీనా 1988లో పోయింది. ఇరవై ఏళ్ళు. నీళ్ళ బిందె దించి అలాగే కూలబడిందట. ఆ మరుసటి ఏడాది నేను ఊరికి తిరిగొచ్చాక దాని తల్లి ఆసుంతాను రోజూ చూస్తున్నాను. ఇప్పుడు యానీనా వంతు వచ్చేసరికి నాకు నోరు పెగిలింది. పరాయి పిల్లకైతే ఇంకా మూసుకునే ఉండేదాన్నేమో. నాకు సిగ్గుగా ఉంది.

మీ దగ్గర ఇప్పుడు కొత్త పద్ధతులు ఉన్నాయట. ఒక్కసారి పోల్చి చూడండి.

పెత్రోనా

*

కోర్దొబా,
10 ఏప్రిల్ 1995

శ్రీమతి పెత్రోనా ఇబార్రా గారికి,

మీ ఉత్తరం అందింది.

పద్దెనిమిదేళ్ళ కిందటి ఒక ఎలుక చెవి ఎవరికైనా అంత స్పష్టంగా గుర్తుంటుందని నేను నమ్మను. మనవరాలికి మందు కావాలన్న ఆరాటంలో మనసు ఎన్నో కల్పించుకుంటుంది. దానికి మిమ్మల్ని తప్పు పట్టను. కానీ ఒక పరిశోధన ఒకరి జ్ఞాపకం మీద నిలబడదు, ఒకరి జ్ఞాపకం వల్ల కూలిపోదు. ఆ పనిని నాలుగు దేశాల్లో మళ్ళీ చేసి చూశారు. అందరికీ అదే ఫలితం వచ్చింది.

దోన్ సెవేరో చనిపోయి పదేళ్ళయింది. చనిపోయినవాళ్ళను సాక్ష్యానికి పిలవడం తేలిక.

ఇలాంటి మాటలు కాగితం మీద పెట్టేముందు వాటి వల్ల ఎవరి బతుకు ఏమవుతుందో ఆలోచించవలసింది. ఈ విషయం ఇంతటితో ముగించమని కోరుతున్నాను. పిల్లను గుండె పరీక్షకు పంపండి. ఆ మాటకు నేను కట్టుబడి ఉన్నాను.

డా. ఇల్దా బెర్తోలీ

*

ఆగ్వా మాన్సా,
28 జూన్ 1995

కొమాద్రె ఇల్దా గారికి,

మీరు నన్ను "శ్రీమతి" అన్నారు. మిర్తాకు చదివి వినిపిస్తే నవ్వి, "అమ్మా, నీకు ప్రమోషన్ వచ్చింది" అంది. నాకైతే నవ్వు రాలేదు.

నాలుగు దేశాల్లో అదే ఫలితం వచ్చిందన్నారు. వాళ్ళకు ఆ క్రిమిని పంపింది మీరే కదా. ఒకే విత్తనం నాలుగు పొలాల్లో చల్లితే నాలుగు పంటలు ఎలా వస్తాయి?

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు మీకు ఒక పెట్టె కూడా ఇస్తాడు. మందులు అని చెప్పాను, నిజం చెబితే బస్సు ఎక్కించుకోడు. అందులో ఇరవై పురుగులు ఉన్నాయి. ఫిబ్రవరిలో మీకు మొదటి ఉత్తరం వేసిన వారమే గోడ పగుళ్ళలోంచి గుడ్లు ఏరి సీసాలో పెట్టాను. తల్లి పురుగు జబ్బు గుడ్డుకు రాదు. పుట్టిన రోజు నుంచి నా కోళ్ళ మీదే మేపాను. ఈసారి కోళ్ళన్నీ బతికే ఉన్నాయి, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోండి. మే పదో తేదీన వాటిలో సగం యానీనా చేతికి, సగం పక్కవీధిలో జబ్బు తేలిన ఇంకో పిల్ల చేతికి కట్టాను. రెండు డబ్బీల మీద పేర్లు రాశాను.

"అవ్వా, ఇవి నా రక్తంతో ఏం చేస్తాయి?" అంది యానీనా.

"నీ తరఫున కోర్దొబా పోయి మాట్లాడతాయి" అన్నాను.

నా జ్ఞాపకాన్ని నమ్మొద్దు. నా చేతిని నమ్మండి. పురుగుల్ని పెంచడం నాకు ఎంత వచ్చో మీకు తెలుసు. ఒక్కసారి తప్పు చేశాను, రెండోసారి చేయను.

పెట్టె తెరవకుండా పారేస్తారేమో అని భయంగా ఉంది. పారేస్తే ఆ సంగతైనా రాయండి.

పెత్రోనా

*

కోర్దొబా,
19 ఆగస్టు 1995

పెత్రోనాకు,

పెట్టె తెరిచాను. రెండు రోజులు బల్ల మీద ఉంచి, మూడో రోజు తెరిచాను.

పని నేనే చేశాను. కుర్రాళ్ళెవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు డబ్బీల్లోనూ క్రిమి ఉంది. వాటి డి.ఎన్.ఏ. కత్తిరించి జెల్ మీద పరిగెత్తించి చారలు తీశాను. ఒక వరసలో మీ ఇద్దరు పిల్లలవి, పక్కన ఆగ్వా మాన్సా రకం, దాని పక్కన ల్యాబులో ఎలుక నుంచి ఎలుకకు మారుస్తూ ముప్పై ఏళ్ళుగా ఉంచిన పాత రకం. పిల్లల చారలు ఒక తీరుగా ఉన్నాయి. ఆగ్వా మాన్సా చారలు, పాత రకం చారలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. నీ గంటు చెవి ఎలుక నిజం. నేను ప్రపంచానికి పంపిన రకం మీ ఊరిది కాదు. మా ఎలుకల గదిది.

పిల్లల క్రిమిని ఎలుకలకు ఎక్కించి మందు మొదలుపెట్టాను. పూర్తి లెక్క తేలడానికి ఇంకా వారాలు పడుతుంది. కానీ మొదటి పది రోజులకే ఇరవై ఎలుకల్లో పదిహేడింటి రక్తంలో ఏమీ కనబడడం లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు మందు ఇవ్వడానికి ఇంతకన్నా ఆగను. డాక్టర్ పెరాల్తాకు రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. ఈ రోజే తీసుకెళ్ళు.

ఇక్కడితో ఆపితే నువ్వు నన్ను క్షమిస్తావు. అందుకే ఆపకూడదు.

1984లో ఓస్వాల్దో అని ఒక కుర్రాడు నా దగ్గర చేరాడు. నీకు గుర్తుండే ఉంటుంది, నీ మాతే టీ మొత్తం తాగేసేవాడు. ఒకరోజు జెల్ ఫోటో తెచ్చి, "డాక్టర్, ఈ రెండూ ఒకటే" అన్నాడు. ఆగ్వా మాన్సా, పాత రకం. "నువ్వు ట్యూబులు తారుమారు చేశావు, మళ్ళీ చెయ్యి" అన్నాను. మళ్ళీ చేశాడు. అదే వచ్చింది. "మూడోసారి చేయనా?" అన్నాడు. "ఈ పనికి కావలసిన చెయ్యి నీకు లేదు, వేరే ఏదైనా చూసుకో" అన్నాను. పక్కన ఇద్దరు విద్యార్థులు వింటున్నారు. అతను ఆ నెలలోనే వెళ్ళిపోయాడు. ఇప్పుడు రియో కువార్తోలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

ఆ ఫోటో నా సొరుగులోనే ఉంది. అతను తప్పు చేశాడని నిజంగా నమ్మి ఉంటే చించి పారేసేదాన్ని. పదకొండేళ్ళుగా ఆ సొరుగు తెరిచినప్పుడల్లా పై కాగితాలు తీసుకుని మూసేస్తున్నాను. ఏప్రిల్‌లో నీకు ఆ ఉత్తరం రాసిన రోజు దాన్ని బయటికి తీసి చూశాను. చూశాకే ఆ ఉత్తరం రాశాను.

నీకు ఉన్నది అనుమానం. నా దగ్గర ఉన్నది సాక్ష్యం. 1984లో రుఫీనాకు పదహారేళ్ళు. బతికే ఉంది.

సెప్టెంబరులో సత్కారానికి వెళ్తాను. వేదిక ఎక్కి ఈ మాటే చెప్తాను.

ఇల్దా

*

ఆగ్వా మాన్సా,
5 సెప్టెంబరు 1995

కొమాద్రె ఇల్దా గారికి,

డాక్టర్ పెరాల్తా మీ ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశాడు. "ఈ ఊళ్ళో ఎంతమందికి నా చేతులారా లేదని చెప్పానో" అని కూర్చుండిపోయాడు. మరునాడు తన కారులో శాంతియాగో పట్నం పోయి మాత్రలు తెచ్చాడు. యానీనా మొదలుపెట్టి ఆరు రోజులైంది. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. గోక్కుంటూ మమ్మల్నందరినీ తిడుతోంది. ఇంకో పందొమ్మిది మంది పిల్లల పేర్లు రాసుకున్నాడు.

మీ ఉత్తరం చదివిన రోజు నాకు మీ మీద ఎంత కోపం వచ్చిందంటే, దాన్ని పొయ్యిలో పెట్టబోయాను. పద్దెనిమిదేళ్ళు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. మీకు తెలిసి కూడా నన్ను అబద్ధాలకోరును చేశారు. దాన్ని ఇప్పుడే మరిచిపోలేను. ఎప్పటికి మరుస్తానో చెప్పలేను కూడా.

ఆసుంతా దగ్గరికి వెళ్ళాను. ఇంకొకరి నోట వినేకంటే నా నోట వినడం మేలు. కోళ్ళ సంగతి, ఎలుక సంగతి చెప్పాను. మీ సొరుగులోని ఫోటో సంగతి చెప్పలేదు. అది మీది, నేనెలా చెప్తాను? ఆవిడ పిండి పిసుకుతోంది. చేతులు ఆపలేదు. అంతా విని, "ఆ మాత్రలు అప్పుడే ఇచ్చుంటే నా పిల్ల బతికేదా?" అని అడిగింది.

"నాకు తెలీదు ఆసుంతా" అన్నాను.

"తెలిసినవాళ్ళను అడిగి చెప్పు" అంది.

అడుగుతున్నాను.

పెత్రోనా

*

కోర్దొబా,
30 సెప్టెంబరు 1995

పెత్రోనాకు,

అయిపోయింది.

నన్ను పరిచయం చేసినాయన పావుగంట మాట్లాడాడు. ఆగ్వా మాన్సా రకం పేరు ఆరుసార్లు ఎత్తాడు. నేను లేచి, ముందు ఓస్వాల్దో తీసిన ఫోటో తెర మీద వేశాను. దాని పక్కన నా ఆగస్టు ఫోటో వేశాను. ఏ చార ఎవరిదో చెప్పాను. తర్వాత 1979 పేపరు వెనక్కి తీసుకుంటున్నానని, పత్రికకు రాశానని, ప్రభుత్వానికి రాశానని చెప్పాను. ఎలుకల బోను గురించి అడిగారు. ల్యాబు నాది, పర్యవేక్షణ నాది, కోళ్ళు ఉన్నాయా లేవా అని చూడవలసింది నేను అన్నాను. నీ పేరు ఎత్తలేదు. అది నీ మీద దయతో కాదు, అదే సరైన లెక్క కాబట్టి.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఫలకం బల్ల మీదే ఉండిపోయింది. బయట ఒక బ్రెజిల్ ఆమె నా దారికి అడ్డం నిలబడి, "నా డాక్టరేట్ మొత్తం మీ రకం మీదే చేశాను" అంది. తిట్టలేదు. ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. అలాంటివాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, నాలుగొందల పన్నెండు అని నీకు గొప్పగా రాసింది నేనే.

ఓస్వాల్దోకు రాశాను. ఇంకా జవాబు రాలేదు. ఇవ్వవలసిన అవసరం అతనికి లేదు.

ఇక ఆసుంతా ప్రశ్న. మూడు వారాలుగా దానికే జవాబు రాస్తూ చించేస్తున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, జబ్బు అప్పుడే అంటింది, కంటి వాపు కూడా తగ్గలేదు. మందు అన్నిటికన్నా బాగా పనిచేసేది అప్పుడే. పదిమందిలో ఏడెనిమిది మందికి నయమవుతుంది. రుఫీనా ఆ ఏడెనిమిది మందిలో ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆవిడ అడిగింది శాతాలు కాదు. బతికేదని నేను నమ్ముతున్నాను.

ఇది ఆవిడకు ఉత్తరంగా రాస్తే నువ్వు చదివి వినిపిస్తావా? ఫోటో సంగతి కూడా అందులో రాస్తాను. అది చాలుతుందా?

ఇల్దా

*

ఆగ్వా మాన్సా,
9 అక్టోబరు 1995

కొమాద్రె ఇల్దా గారికి,

చాలదు. రండి.

గురువారం బస్సు ఎక్కితే సాయంత్రానికి రోడ్డు మీద దిగుతారు. మిర్తా వచ్చి తీసుకొస్తుంది. యానీనాకు ఇంకా ఇరవై రోజుల మాత్రలు ఉన్నాయి. దద్దుర్లు తగ్గాయి, తిట్లు తగ్గలేదు. మా ఇంట్లోనే పడుకోండి. మీతో నేను ఎక్కువ మాట్లాడకపోవచ్చు, దానికి ఏమనుకోకండి.

శుక్రవారం పొద్దున ఆసుంతా ఇంటికి వెళ్దాం. మీరు వస్తారని చెప్పాను. సరే అనలేదు, వద్దనలేదు. మా ఊళ్ళో గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు ముందు కుర్చీ వేసి, మాతే చేతికిచ్చి, ఆ తర్వాతే ఎవరని అడుగుతారు. మీరెవరో ఆవిడకు ముందే తెలుసు కనక కుర్చీ వేయకపోవచ్చు.

వేయకపోతే నిలబడే చెప్పండి. నేనూ కూర్చోను.

పెత్రోనా